కార్డుంది కదా అని ఊరుకోకండి, లిస్టులో పేరుందో లేదో చూస్కోండి

2024 మే 13న ఎలక్షన్ రోజు మా మేనత్త హైదరాబాద్ నించి రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చింది. ఆ రెండ్రోజులూ బస్సులో సీటు దొరకడమే గొప్ప అండి, రావులపాలెంలో దిగి అక్కణ్ణించి ఆటో మాట్లాడుకుని తొమ్మిదింటికల్లా మా ఊరి స్కూల్లో లైన్లో నించుంది. గంట నించున్నాక లోపలికెళ్తే లిస్టులో పేరు లేదు. చేతిలో ఓటరు కార్డుంది, ఆధార్ ఉంది, ఆ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి, లోపల కూర్చున్న ఏజెంట్లు అన్ని పార్టీల వాళ్ళూ ఆవిడ్ని వరస పెట్టి పిలిచేవాళ్ళే, అయినా ఏం లాభం లేదు, వెనక్కొచ్చేసింది. తర్వాత ఆరా తీస్తే తేలిందేంటంటే రెండేళ్ళ కిందట కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్‌కి ఎవరో వచ్చి ఫారాలు నింపుతుంటే ఈవిడ కూడా సంతకం పెట్టిందట, అది ఓటు మార్చుకునే ఫారం అని ఈవిడకి తెలీదు, అక్కడ పేరెక్కింది, ఇక్కడ తీసేశారు. అంతా రూలు ప్రకారమే జరిగింది, ఎవర్నీ అనడానికి లేదు.

అప్పట్నించి నాకిదో పిచ్చి పట్టుకుంది, మా ఇంట్లో, చుట్టాల్లో, మా వీధిలో ఎవరిదైనా సరే ఫోన్ తీసి ఓటుందో లేదో చూసి పెడుతున్నా. చూసిన వాళ్ళలో చాలామందికి ఏదో ఒక తేడా ఉంది. అందుకని నాకు తెలిసినంతా ఇక్కడ రాసేస్తున్నా, కొంచెం పొడుగే అవుద్ది, ఓపిక పట్టండి.

ముందు ఒక్కటి బుర్రలో పెట్టుకోండి. ఓటంటే కార్డు కాదండి, ఓటర్ల జాబితాలో మీ పేరున్న ఆ ఒక్క లైను. కార్డు పోయినా ఆ లైను ఉంటే ఓటెయ్యొచ్చు, కార్డు బీరువాలో భద్రంగా ఉన్నా ఆ లైను లేకపోతే మే నెల ఎండలో నించుని ఇంటికి రావడమే.

చూస్కోడం సులువే. ఫోన్లో ఓటర్స్ డాట్ ఈసీఐ డాట్ జీఓవీ డాట్ ఇన్ అని కొడితే ఎలక్షన్ కమిషన్ సైట్ వస్తుంది, లేదా వాళ్ళ యాప్ ఉంది. అందులో జాబితాలో పేరు వెతికే చోట మూడు దార్లుంటాయి, కార్డు నంబర్‌తో, ఫోన్ నంబర్‌తో, లేకపోతే పేరూ తండ్రి పేరూ వయసూ నియోజకవర్గం ఇచ్చి. కార్డు నంబర్ అంటే మూడు ఇంగ్లీష్ అక్షరాలు, ఏడు అంకెలు. మన పెద్దాళ్ళ దగ్గర పాత కార్డులుంటాయి చూడండి, ఏపీ అని మొదలై మధ్యలో గీతలు గీతలుగా ఉండే పెద్ద నంబర్‌తో, ఆ నంబర్ కొడితే ఏం రాకపోతే కంగారు పడకండి, పేరుతో వెతకండి, చాలామందికి కొత్త నంబర్ ఇచ్చేశారు, వాళ్ళకే తెలీదు. పేరుతో వెతికేటప్పుడు కూడా మన వైపు పేర్లతో పెద్ద చిక్కు. వీర వెంకట సత్యనారాయణ మూర్తి అనేది ఒక లిస్టులో వీవీఎస్ఎన్ అని ఉంటుంది, ఇంకో దాంట్లో ఒట్టి సత్యనారాయణ అని ఉంటుంది, ఇంకో చోట ఇంటిపేరు చివర్న ఉంటుంది. నాలుగు రకాలుగా కొట్టి చూడండి. ఫోన్ గొడవ ఎందుకనుకుంటే 1950కి కాల్ చేసి అడగొచ్చు, ఎలక్షన్ కమిషన్ పుట్టిన సంవత్సరమే ఆ నంబర్. ఇంకా నమ్మకం కుదరకపోతే సీఈవో ఆంధ్ర (రాష్ట్ర ఎన్నికల ప్రధాన అధికారి) సైట్లో మీ పోలింగ్ బూత్ లిస్టు మొత్తం పీడీఎఫ్ దొరుకుతుంది, మీ ఇంటి నంబర్ దగ్గరికెళ్ళి ఎవరెవరున్నారో చూస్కోండి, ఎప్పుడో పోయిన తాతగారు అందులో ఇంకా బతికే ఉండొచ్చు.

దొరికాక పార్ట్ నంబర్ (మీ బూత్ లిస్టు నంబర్), సీరియల్ నంబర్ (అందులో మీ వరస) రాసిపెట్టుకోండి. పోలింగ్ రోజు మిమ్మల్ని అడిగేది అవే.

ఇప్పుడు అసలు పేరే లేనివాళ్ళ సంగతి. మొదటిసారి ఓటు రాయించుకునే వాళ్ళకి ఫారం 6. పద్దెనిమిదేళ్ళు నిండాలి అన్నది అందరికీ తెలుసు (1989కి ముందు ఇరవై ఒకటి ఉండేది, మా నాన్న ఇప్పటికీ ఆ కథ చెబుతాడు), కాపోతే ఏ రోజుకి నిండాలి అనేది తెలీదు. ఇదివరకు జనవరి 1 ఒక్కటే లెక్క, ఫిబ్రవరిలో పుట్టినోళ్ళు ఏడాదంతా ఆగాల్సొచ్చేది. 2022 నించి జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 అని నాలుగు తేదీలు పెట్టారు, వీటిలో ఏదో ఒక తేదీకి పద్దెనిమిది నిండితే సరిపోద్ది. ఇంకా మంచి సంగతేంటంటే పదిహేడు దాటిన పిల్లలు ముందే అప్లై చేసి పెట్టుకోవచ్చు, వయసు నిండాక వచ్చే తేదీకి దాన్ని చూసి పేరెక్కిస్తారు. ఇంటర్ సెకండియర్ పిల్లలుంటే ఎంసెట్ హడావిడి అయ్యాక ఓ అరగంట కూర్చోబెట్టండి.

ఫారం 6 ఆన్‌లైన్లో మీరే నింపుకోవచ్చు, లేదా కాగితం మీద నింపి మీ బూత్ బీఎల్ఓకి ఇవ్వొచ్చు. బీఎల్ఓ అంటే బూత్ లెవెల్ ఆఫీసర్, మీ బూత్ లిస్టు చూసుకునే మనిషి, మన ఊళ్ళల్లో అంగన్‌వాడీ టీచరో, సచివాలయం ఉద్యోగో, వీఆర్వోనో అయ్యుంటారు, ఎవరో తెలీకపోతే ఆ సైట్లోనే మీ బూత్ కింద పేరు చూపిస్తుంది. దీనికి ఫీజు లేదండి. నెట్ సెంటర్ వాడికి వాడి కష్టానికి ఇచ్చే డబ్బులు వేరు, ఓటు కోసం గవర్నమెంట్‌కి కట్టేది మాత్రం పైసా లేదు, ఎవరైనా అడిగితే ఇవ్వకండి.

కావాల్సినవి మూడే. ఒకటి ఫొటో, తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, కార్డు మీద పడేది అదే కాబట్టి పెళ్ళిలో దిగిన గ్రూప్ ఫొటో కత్తిరించి పెట్టకండి. రెండు పుట్టిన తేదీకి కాగితం, బర్త్ సర్టిఫికెట్, టెన్త్ మార్కుల లిస్టు, ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్ట్ వీటిలో ఏదైనా. టెన్త్ లిస్టు ఉంటే అదే పెట్టమంటాను నేను, ఎందుకంటే రేపు ఉద్యోగానికైనా పాస్‌పోర్ట్‌కైనా అడిగేది అదే, అన్నీ ఒకే తేదీ మీద ఉంటే సుఖం. మూడు ఇంటి అడ్రస్‌కి కాగితం, ఆధార్, కరెంటు బిల్లు, గ్యాస్ బిల్లు, బ్యాంకో పోస్టాఫీసో పాస్‌బుక్, పొలం పాస్‌బుక్, రిజిస్టర్ చేసిన అద్దె అగ్రిమెంటు, ఇలాంటివి. బిల్లు మీ పేరునే ఉండక్కర్లేదు, తల్లిదండ్రుల పేరునున్నా పనవుద్ది. ఏ కాగితమూ లేదు, ఏటిగట్టు మీద పాక వేసుకుని ఉంటున్నాం అన్నా సరే ఓటు రాదని కాదు, బీఎల్ఓ వచ్చి మీరక్కడ ఉంటున్నారో లేదో చూసి రాసుకెళ్ళాలి. ఇల్లు లేని వాళ్ళకి కూడా రాత్రి పూట వచ్చి పడుకునే చోట చూసి రాయమని రూలు. ఆధార్ నంబర్ ఇచ్చే గడి కూడా ఫారంలో ఉంటుంది, అది ఇస్తే మంచిదే కానీ బలవంతం లేదు, ఇవ్వలేదని పేరు ఎక్కించకుండా ఆపకూడదు.

ఇక ఫారం నింపేటప్పుడు అందరూ కాలేసే గొయ్యి చెబుతా. మీరు ఇంగ్లీష్‌లో పేరు కొట్టగానే పక్క గడిలో తెలుగు దానంతటదే పడుద్ది. ఆ తెలుగు చూస్తే మీ పేరు మీకే కొత్తగా ఉంటుంది, వరలక్ష్మి కాస్తా వారాలక్ష్మి అవుద్ది, ఇంటిపేర్ల సంగతైతే చెప్పక్కర్లేదు. చాలామంది దాన్ని చూడకుండా కిందకి వెళ్ళిపోతారు, మన దగ్గర లిస్టు అచ్చయ్యేది తెలుగులో, కార్డు మీద కూడా తెలుగు వస్తుంది, తర్వాత దిద్దించుకోడానికి మళ్ళీ ఇంకో ఫారం. ఆ గడిలో చెయ్యి పెట్టి తెలుగు మీరే సరిచేయండి. ఇంకోటి, ఇంట్లో ఇప్పటికే ఓటున్న వాళ్ళ కార్డు నంబర్ అడుగుతుంది, అది తప్పకుండా ఇవ్వండి, లేకపోతే మొగుడూ పెళ్ళాలకి ఒకరికి ఊరి మధ్య స్కూల్లో ఒకరికి కాలవ అవతల స్కూల్లో పడ్డ ఇళ్ళు నాకు తెలుసు.

సబ్మిట్ కొట్టాక రిఫరెన్స్ నంబర్ వస్తుంది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత బీఎల్ఓ ఇంటికొచ్చి చూస్తారు, అభ్యంతరాలకి ఏడు రోజులు టైం ఇస్తారు, ఆ తర్వాత ఆఫీసర్ ఓకే చేస్తే పేరెక్కుద్ది, కార్డు స్పీడ్ పోస్టులో వస్తుంది. రిజెక్ట్ చేస్తే కారణం చెప్పాలి, నచ్చకపోతే పదిహేను రోజుల్లో కలెక్టర్ గారికి అప్పీల్ చేసుకోవచ్చు. అంతదాకా వెళ్ళిన వాళ్ళని నేను చూళ్ళేదు కానీ దారి ఉంది. బీఎల్ఓ వచ్చినప్పుడు ఇల్లు తాళం ఉండడం వల్లే ఎక్కువ ఆగిపోతాయి, కాబట్టి పక్కింటి వాళ్ళకి చెప్పి ఉంచండి.

ఇప్పుడు అందరూ గొడవ పడే ప్రశ్న, ఓటు ఎక్కడ పెట్టుకోవాలి. మన కోనసీమ, నరసాపురం, భీమవరం వైపు ఇంటికొకరు హైదరాబాద్‌లోనో కువైట్‌లోనో ఉంటారు కదా. చట్టం ఏం చెబుతుందంటే మామూలుగా ఎక్కడ నివాసం ఉంటే అక్కడ. ఊళ్ళో ఇల్లుంది, కొబ్బరి తోట ఉంది అన్నంత మాత్రాన ఊళ్ళో ఓటు రాదు, అది 1950 నాటి చట్టంలోనే ఉంది. అలాగని నాలుగు నెలలు పనికోసం బయటికెళ్ళినంత మాత్రాన ఊరి ఓటు పోదు కూడా. రొయ్యల సీజన్లోనో కోతల టైంలోనో వలస వెళ్ళొచ్చే వాళ్ళు భయపడక్కర్లేదు. కానీ పదిహేనేళ్ళుగా నిజాంపేటలో కాపురం ఉండి పిల్లల్ని అక్కడే చదివిస్తూ సంక్రాంతికి మాత్రం వచ్చేవాళ్ళు రెండు చోట్లా ఓటు పెట్టుకుంటున్నారు చూశారా, అది తప్పు. ఒక మనిషికి దేశం మొత్తం మీద ఒకే ఓటు. తెలంగాణ వేరు ఆంధ్రా వేరు కదా అంటారు కొందరు, రెండిటికీ ఎలక్షన్ కమిషన్ ఒకటే బాబూ. ఫారంలో వేరే ఎక్కడా ఓటు లేదని సంతకం పెడతాం, అది అబద్ధమని తేలితే ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు.

యానాం పక్కన ఉండేవాళ్ళకి ఇది ఇంకాస్త తమాషా. ఎదుర్లంక వంతెన ఎక్కి దిగితే రాష్ట్రం మారిపోద్ది, యానాం వాళ్ళు ఓటేసేది పుదుచ్చేరి అసెంబ్లీకి. పిల్లనిచ్చి పుచ్చుకోడాలు అటూ ఇటూ రోజూ జరుగుతాయి, ఇంటి స్థలం ఇటు, షాపు అటు. రేషన్ ఎక్కడ, పెన్షన్ ఎక్కడ అని చూసుకుని ఓటు పెట్టుకోకండి, రాత్రి ఏ ఇంట్లో పడుకుంటున్నారో అది చూస్కోండి. యానాం నించి ఇటు ముమ్మిడివరం వైపు కాపురానికొచ్చిన కోడలికి కూడా కొత్త ఓటు ఫారం కాదు, మార్చుకునే ఫారమే.

ఆ మార్చుకునే ఫారమే ఫారం 8. ఇది ఒక్కటే నాలుగు పనులు చేస్తుంది, ఇల్లు మారితే ఓటు మార్చడం, పేరూ వయసూ ఫొటో తప్పులు దిద్దడం, పోయిన కార్డుకి బదులు ఇంకోటి తీస్కోడం, వైకల్యం ఉన్నట్టు నమోదు చేయించుకోడం. ఊళ్ళోనే వీధి మారినా, భీమవరం నించి అమలాపురం వెళ్ళినా, హైదరాబాద్ నించి తిరిగొచ్చేసినా ఇదే. ఓటున్నోళ్ళు మళ్ళీ ఫారం 6 పెట్టకండి, రెండు ఓట్లవుతాయి, తర్వాత రెండూ పోయినా ఆశ్చర్యం లేదు. 2022 జులై వరదలకి లంకల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చి కాగితాలన్నీ ముద్దైపోయిన వాళ్ళు ఇప్పటికీ కార్డు లేదు, ఓటు లేదు అనుకుంటున్నారు. ఓటు లిస్టులో ఉంది, కార్డే పోయింది. ఫారం 8 పెడితే కార్డొస్తుంది, ఫోన్ నంబర్ లింకై ఉంటే ఈలోపు ఈ-ఎపిక్ అని డిజిటల్ కార్డు డౌన్‌లోడ్ చేసుకుని ప్రింట్ తీస్కోవచ్చు.

జిల్లాల విభజన గురించి కూడా అడుగుతుంటారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాయి కానీ అసెంబ్లీ నియోజకవర్గాలు మారలేదు. పాత కార్డు మీద తూర్పు గోదావరి అని ఉండి ఇప్పుడు మీది కోనసీమ జిల్లా అయినా కార్డు చెల్లుద్ది, ఆ ఒక్క దాని కోసం పరిగెత్తక్కర్లేదు.

పెళ్ళైన ఆడపిల్లల పేర్లు ఎక్కువగా గల్లంతవుతుంటాయి. పుట్టింట్లో తీసేస్తారు, పిల్ల లేదు కదా అని, అత్తింట్లో ఎక్కించరు, ఆధార్ మారాక చూద్దాంలే అని. అట్లా మూడు ఎలక్షన్లు ఓటెయ్యని వాళ్ళున్నారు మా ఊళ్ళో. ఆధార్‌లో ఇంటిపేరు మార్చాలని ఏం లేదమ్మా, పుట్టింటి ఇంటిపేరుతోనే ఓటు అత్తారింటికి మార్చుకోవచ్చు, బంధువు గడిలో భర్త పేరు పెడితే చాలు. పెళ్ళి ఫొటోలు వచ్చే లోపు ఈ పనైపోద్ది.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఫారం 6ఏ. ఇండియా పాస్‌పోర్ట్ ఉండి వేరే దేశం పౌరసత్వం తీసుకోకపోతే పాస్‌పోర్ట్‌లో ఉన్న ఊరి అడ్రస్ మీద ఓటు ఇస్తారు. కానీ ఓటు మాత్రం ఇక్కడికొచ్చి వెయ్యాలి, కువైట్‌లో కూర్చుని వెయ్యడానికి లేదు, అప్పుడు ఒరిజినల్ పాస్‌పోర్ట్ ఒక్కటే చూపించాలి, వేరేది ఒప్పుకోరు. హాస్టల్లో చదువుకునే పిల్లలకి ఊళ్ళోనో కాలేజీ ఉన్న చోటో ఏదో ఒకటి ఎంచుకునే వీలుంది, అక్కడ కావాలంటే కాలేజీ బోనఫైడ్ పెట్టాలి.

ఎవరైనా పోయారంటే ఫారం 7, డెత్ సర్టిఫికెట్ జత చేసి. దినకార్యాలయ్యాక ఎవరికీ ఇది గుర్తుండదు, తప్పు లేదు, కానీ ఆ పేరు అలా ఉండిపోతే దాని మీద ఎవడో ఓటేసే రోజొస్తుంది. మీ పేరు తీసెయ్యమని వేరే ఎవరైనా ఫారం 7 పెట్టినా మీకు నోటీసు రావాలి, విచారణ జరగాలి. నోటీసొస్తే చింపి పడెయ్యకండి.

ఇదంతా ఎప్పటిలోపు? ఏడాది పొడుగునా తీసుకుంటారు. ఎలక్షన్ ప్రకటించాక కూడా నామినేషన్ల చివరి రోజుకి ఓ పది రోజుల ముందు దాకా పెట్టొచ్చు, ఆ తర్వాత వచ్చినవి ఆ ఎలక్షన్‌కి పనికిరావు. 2024లో మనకి నామినేషన్లు ఏప్రిల్ 25తో అయిపోయాయి, ఓటింగ్ మే 13, అంటే ఓటేసే రోజుకి దాదాపు నెల ముందే తలుపు మూసేశారు. పంచాయతీ ఎలక్షన్ల లిస్టు స్టేట్ ఎలక్షన్ కమిషన్ విడిగా వేస్తుంది కానీ దానికి ఆధారం ఈ అసెంబ్లీ లిస్టే, ఇందులో లేకపోతే సర్పంచ్ ఎలక్షన్లో కూడా లేనట్టే.

పోలింగ్ రోజు ఏం తీసుకెళ్ళాలి. ఓటరు కార్డుంటే అదే. లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫొటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, డ్రైవింగ్ లైసెన్స్, పాన్ కార్డు, పాస్‌పోర్ట్, ఫొటో ఉన్న పెన్షన్ కాగితం, గవర్నమెంటు ఉద్యోగి ఐడీ, దివ్యాంగుల యూడీఐడీ కార్డు, వీటిలో ఏదో ఒకటి ఒరిజినల్. మన వాళ్ళు ఎక్కువగా పట్టుకొచ్చే రైస్ కార్డు ఈ లిస్టులో లేదు. కాలేజీ ఐడీ కూడా లేదు. బీఎల్ఓ ఇచ్చే ఓటర్ స్లిప్ కూడా ఒక్కటే చూపిస్తే చాలదు, 2019 నించి దాన్ని గుర్తింపుగా ఒప్పుకోవట్లేదు, అది సీరియల్ నంబర్ తొందరగా దొరకడానికే. కార్డులో పేరు ఒక అక్షరం తేడా ఉంటే మనిషి ఆ మనిషే అని తెలిస్తే పంపించెయ్యాలి. సెల్‌ఫోన్ లోపలికి తీసుకెళ్ళనివ్వరు, ఇంట్లోనో బండి డిక్కీలోనో పెట్టి రండి. సాయంత్రం టైం అయ్యేసరికి లైన్లో ఉంటే చాలు, ఎంత రాత్రైనా వేయనివ్వాలి.

మీ ఓటు అప్పటికే ఎవరో వేసేశారంటే గొడవ పెట్టుకుని రావొద్దు, టెండర్ ఓటు కావాలి అని అడగండి. అధికారి మీరు మీరే అని నిర్ధారించుకున్నాక మిషన్లో కాకుండా బ్యాలెట్ కాగితం ఇస్తారు, కవర్లో విడిగా పెడతారు. వేరే వాళ్ళు దొంగ ఓటేస్తున్నారని అనుమానం వస్తే ఏజెంట్ రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చెయ్యొచ్చు, అవును రెండే.

ఇంట్లో ఎనభై ఐదేళ్ళు దాటిన పెద్దాళ్ళుంటే, నలభై శాతం పైన వైకల్యం ఉన్నవాళ్ళుంటే ఇంటి దగ్గరే ఓటేయించుకునే వీలుంది, ఫారం 12డీ. నోటిఫికేషన్ వచ్చాక ఐదు రోజుల్లోనే ఇవ్వాలి, బీఎల్ఓ తెచ్చిస్తారు, ఆ వారం ఆయన్ని వదలకండి. ఒకసారి ఇది తీసుకున్నాక మళ్ళీ బూత్‌కెళ్ళి వేస్తామంటే కుదరదు.

చివరగా డిగ్రీ చదివిన వాళ్ళకి. ఉభయ గోదావరి జిల్లాల గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ లిస్టు మామూలు లిస్టు కాదు, దానికి ఫారం 18, డిగ్రీ అయ్యి మూడేళ్ళు నిండాలి, నవంబర్ 1 లెక్క. ప్రతిసారీ పాతది పక్కన పెట్టి మొదట్నించీ కొత్తగా రాస్తారు, కాబట్టి 2025 ఫిబ్రవరి 27న ఓటేశాం కదా అని వచ్చేసారి ధీమాగా ఉండకండి, మళ్ళీ అప్లై చెయ్యాల్సిందే. అక్కడ మిషన్ ఉండదు, వాళ్ళిచ్చే వయొలెట్ స్కెచ్ పెన్నుతో పేరు పక్కన 1, 2, 3 అని అంకెలెయ్యాలి, డిగ్రీలు చదివి కూడా టిక్కు కొట్టి వచ్చేవాళ్ళున్నారు, ఆ ఓటు చెల్లదు.